కూర్చుని లేచే గోపురం

ఇనుపకాకి తలమీదుగా దూసుకుపోగానే హేమరేఖ గుర్రాన్ని జొన్నచేలోకి మళ్ళించింది. కాకి రెక్కల చప్పుడు కొలిమిలో సమ్మెట దెబ్బల్లా ఉంది. ఎత్తుగా పెరిగిన చొప్ప మధ్య గుర్రం మెడమీద వాలిపోయి, ఆ చప్పుడు తూర్పుకొండల వైపు సాగిపోయేదాకా ఆమె కదల్లేదు. గుర్రం మాత్రం ఇదే అదనుగా రెండు కంకులు నమిలేసింది.

ఆ కాకి మాంత్రికుడు వక్రనాభుడి పెంపుడు పక్షి. మోకాళ్ళు దాటే జడ ఉన్న కుసుమగిరి రాజకుమారి ఎక్కడుందో వెతికి యజమానికి చెప్పడమే దాని పని. ఆ జడ ఇప్పుడు పురుషవేషంలో ఉన్న హేమరేఖ తలగుడ్డ కింద, చుట్టలు చుట్టలుగా దాగి ఉంది.

ఈ పగకు మూలం ఒక నవ్వు. వక్రనాభుడు కుసుమగిరి సభకు వచ్చి హేమరేఖను తనకిచ్చి పెళ్ళి చేయమని అడిగిన రోజున, తాటిచెట్టంత ఆ మనిషి సభాద్వారంలో పట్టక వంగి, మళ్ళీ వంగి, చివరికి పాకుతూ లోపలికి వచ్చాడు. హేమరేఖకు నవ్వు ఆగలేదు. ఆమె నవ్వితే చెలికత్తెలు నవ్వారు, వాళ్ళు నవ్వితే సభ అంతా నవ్వింది. అతను వచ్చిన దారినే పాకుతూ వెళ్ళిపోయాడు. తర్వాత ఆమె అన్న రత్నకేతు తురాయిదేశానికి చుట్టపుచూపుగా వెళ్తే, అక్కడి రాజుగారి విడిదిలోంచే అతన్ని ఎత్తుకుపోయి, ఊరిబయట బయలులో ఒక్కరాత్రిలో గోపురం లేపి దాని నెత్తిన కూర్చోబెట్టాడు. పున్నమినాటి సూర్యుడు కుంగేలోగా చెల్లెలు తనంతట తాను వచ్చి తన చేయి పట్టుకోకపోతే, అన్న రాతిబొమ్మ అయి ఆ గోపురం మీదే నిలిచిపోతాడని చాటించాడు.

ఆ పున్నమి ఈ రోజే. పొద్దు అప్పుడే నడినెత్తికి వచ్చింది.

హేమరేఖ నడుముకు ఒక చిన్న తోలుసంచి ఉంది. అందులో గురివింద గింజంత విత్తు ఒకటుంది. దారిలో ముళ్ళకంపలో చిక్కుకున్న మేకపిల్లను విడిపించినందుకు అడవిలో ఒక అవ్వ ఇచ్చింది. అది నిలువుతీగ విత్తు. నాటి, ఎన్ని నిలువుల ఎత్తు కావాలో చెబితే, నాటిన మనిషి నిలువుతో సరిగ్గా అంత ఎత్తు లేస్తుంది. ఒక వేలెడు ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. ఎవరి చేతికి ఇచ్చిందో వారి మాటే వింటుంది, అదీ ఒక్కసారే. ఎత్తు తెలుసుకుని మరీ నాటాలని అవ్వ చాలాసార్లు హెచ్చరించింది. హేమరేఖ అప్పుడు తల ఊపింది గాని, ఎత్తు తెలుసుకోవడం ఏమంత కష్టమని లోపల అనుకుంది.

తురాయిదేశపు కోటవాకిట్లో ఆమెను ఆపేశారు. కాపలావాళ్ళు ఆమె ఆయుధాలు చూడలేదు, పేరు అడగలేదు. తలవైపు చూసి నొచ్చుకున్నారు.

"ఇంత చిన్న గుడ్డ చుట్టుకుని ఎలా బయల్దేరావు నాయనా? మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. అంటూనే పక్కనున్న మేదరి బుట్టలోంచి పసుపుపచ్చని పాగాబట్ట తీసి ఆ చిన్న గుడ్డమీదనే చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టీ చుట్టీ కుండమీద కుండ పెట్టినంత ఎత్తు చేసి, పైన నెమలితురాయి గుచ్చి, అప్పుడు తృప్తిగా చూశాడు.

జడ ఇంకా భద్రంగా దాగినందుకు హేమరేఖ సంతోషించింది. ఆయన ఆ దేశపు మర్యాదలు కూడా చెప్పాడు. ఆకాశం కింద ఎవరూ పాగా తీయకూడదు. ఎండలో పడుకోవలసి వస్తే మాత్రం, తలకింద నలగకుండా తీసి గుండెలమీద పెట్టుకోవచ్చు. తల తెగి దొర్లినా ఫరవాలేదు గాని పాగా నేలకు తగలకూడదు.

వాకిలి దాటితే కళ్ళు చాలలేదు. వీధులనిండా తలపాగాలే. దానిమ్మపూల రంగు, చిలకరెక్కల రంగు, తేనె రంగు, నీలిమబ్బు రంగు. సంతలో జనం కదులుతుంటే పూలతోట నడిచి వస్తున్నట్టుంది. అరటిపళ్ళు అమ్మే ముసలాయన పాగా ఆయన గెలకంటే ఎత్తుంది. చంటిపిల్లలకు కూడా ఉల్లిపాయంత పాగాలు చుట్టారు. ప్రతి మేడమీదా ధ్వజస్తంభం, ప్రతి ధ్వజానికీ పట్టుపతాకం. అయితే ఒక వింత. ఏ ధ్వజస్తంభం తాడు చూసినా, కింది కొసకు పసుపు పూసిన మరో తాడుముక్క ముడివేసి ఉంది.

ఆ ముడి ఏమిటని ఆమె దారిచూపే భటుణ్ణి అడిగింది. అది మంగళముడి అని అతను గర్వంగా చెప్పాడు. ఎత్తులు కొలవడంలో తమ దేశాన్ని మించింది లేదట. ఎక్కకుండా, నిచ్చెన వేయకుండా, నీడను బట్టి చెప్పేస్తారట. ఆ కొలతకు సరిగ్గా తాడు కోసి తెస్తారు, అది కొంచెం చాలదు, అప్పుడు ఇంకో ముక్క ముడివేసి కొబ్బరికాయ కొడతారు. తాతముత్తాతల నాటినుంచీ అంతే, చాలకపోవడమే శుభం అన్నాడు. హేమరేఖ ఔననుకుంది. అన్నను గురించిన ఆలోచనలో ఆ మాటను అక్కడే వదిలేసింది.

ఊరు దాటగానే గోపురం కనబడింది. నల్లరాయి, నునుపు, గుండ్రటి ఆకారం. చీమ ఎక్కినా జారుతుందనిపించేటట్టుంది. నడిమికి పైన ఒక వరుసలో రాతిమొసళ్ళు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నెత్తిమీద, మనిషి లేచి చేయి చాస్తే అందేంత ఎత్తులో, ఒక నిప్పుగొడుగు గిర్రున తిరుగుతోంది. గొడుగు కిందినుంచి ఎవరో తెల్లని ఉత్తరీయం ఊపుతున్నారు. ఆ ఊపు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు గాలిపటం ఎగరేసేటప్పుడు అన్న చేయి అలాగే ఊగేది.

బయలు అంచున డేరా వేసుకుని తురాయిదేశపు రాజు తురగవర్ధనుడు కూర్చుని ఉన్నాడు. తన ఇంటికి వచ్చిన అతిథిని తన కళ్ళముందే ఎత్తుకుపోయారన్న చిన్నతనంతో ఆయన కోటకు వెళ్ళడం మానేశాడు. ఆమె తనను కుసుమగిరి యోధుడు హేమవర్మ అని చెప్పుకుని విత్తు చూపించింది. రాజు ముఖం వెలగలేదు, వాడిపోయింది.

"మాకూ రెండు దొరికాయి నాయనా. రెండూ వేశాం. అటు చూడు" అన్నాడు.

గోపురం గోడను ఆనుకుని ఎండిపోయిన తీగలు రెండు నిలబడి ఉన్నాయి. రెండూ మొసళ్ళ వరుస దాకా వెళ్ళి ఆగిపోయాయి. అక్కడినుంచి రత్నకేతు కాళ్ళదాకా ఇంకా మూడు నాలుగు నిలువుల నున్నటి గోడ ఉంది.

జరిగిందంతా మంత్రి అనంతభట్టు చెప్పాడు. ఆయన సన్నటి మనిషి, పాగా బరువుకు మెడ కొంచెం పక్కకు వాలి ఉంటుంది. కొలతలో తప్పు లేదన్నాడు. మనిషి నీడ అతని ఎత్తుతో సరిసమానమైన క్షణాన గోపురం నీడ కూడా గోపురం ఎత్తుతో సరిసమానం అవుతుంది. నీడ గోడ దగ్గర కాదు, గోపురం నడిమిలో మొదలవుతుంది కాబట్టి దాని అడుగుభాగపు వెడల్పులో సగం కూడా కలిపారు. అంత జాగ్రత్తగా కొలిచినా తీగ చాలలేదు. మళ్ళీ కొలిస్తే పాత లెక్కే వచ్చింది. మళ్ళీ వేస్తే మళ్ళీ చాలలేదు. ఎక్కువ చెబుదామంటే పైన నిప్పుగొడుగు ఉంది. కొస దానికి తగిలిందంటే తీగ మొదలంటా కాలిపోతుంది.

"కాబట్టి మేము తేల్చుకున్నది ఇదీ" అన్నాడు అనంతభట్టు గొంతు తగ్గించి, గోపురం వింటుందేమోనన్నట్టు. "మనం కొలిచేటప్పుడు ఇది కూర్చుంటుంది. తీగ వేయగానే లేచి నిలబడుతుంది."

రెండోసారి అది లేవకుండా భయపెట్టడానికి చుట్టూ డప్పులు వాయించారట. ఏనుగుల చేత ఘీంకారాలు చేయించారట. అయినా లేచిందట.

హేమరేఖ పెదవి కొరుక్కుంది. నవ్వితే అపచారం. ఎండిన తీగలవైపు చూసింది. గోపురం నిజంగా కూర్చుని లేచేదైతే రెండుసార్లూ అదే మొసలి గడ్డం దగ్గర ఎందుకు ఆగుతాయి? తన నిలువు ఎంతో, గోపురం ఎన్ని నిలువులో తానే చూసుకుందామని పక్కనున్న భటుడి ఈటె తీసుకుని నేలలో గుచ్చబోయింది. నలుగురు ఒక్కసారిగా వద్దని అరిచారు. అప్పటికే ఈటె గుచ్చుకుంది. గుచ్చుకున్న ఈటె మెలితిరిగి, బుసకొట్టి, నల్లత్రాచై ఆమె చెప్పుమీదుగా పాకి గడ్డిలోకి పోయింది. ఆ బయలులో ప్రాణం లేని వస్తువు ఏది నిటారుగా నిలబెట్టినా పామైపోతుందని, తమ ఈటెలు ఇప్పటికే చాలా పుట్టల్లో కాపురాలు చేస్తున్నాయని రాజు విచారంగా చెప్పాడు. నీడకు మనిషే నిలబడాలి.

అలా నిలబడే మనిషి కొండలరాయుడు. నీడకొలువు అతని వంశానికి వచ్చిన పని. ఏనుగు తొండంలాంటి చేతులు, పసిపిల్లవాడి నవ్వు. ఎత్తులు కొలిచేవాడికి తగ్గట్టు దేశంలోకెల్లా ఎత్తైన పాగా అతనిదే. మామిడిపండు రంగు పట్టుబట్ట, మధ్యలో ముత్యాలపేట, పైన గరుడపక్షి ఈక.

ఎలా కొలిచాడో ఒక్కసారి చేసి చూపమని హేమరేఖ అడిగింది. అతను ఆనందంగా ఒప్పుకున్నాడు. ముందు పాగాను రెండు చేతులా తీసి గుండెలమీద పెట్టుకుని, నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. మడమల దగ్గర ఒకరు, నడినెత్తి దగ్గర ఒకరు వేలితో మట్టిలో గీతలు గీశారు. అతను లేచి, పాగాకు నమస్కరించి, తలమీద పెట్టుకుని, మడమలు మొదటి గీతమీద ఆనించి, సూర్యుడికి వీపుపెట్టి నిలబడ్డాడు.

"ఇలా నిలబడతాను బాబూ. సాయంత్రం దిగేకొద్దీ నీడ సాగుతుంది. నా నీడ కొస ఆ రెండో గీతను తాకగానే కేక వేస్తాను. గోపురం నీడ కొసమీద మనవాడు కాలు మోపుతాడు. అంతే" అన్నాడు.

హేమరేఖ నేలవైపు చూసింది. కొండలరాయుడి నీడ పొట్టిగా ముందుకు పడి ఉంది. నీడ కొసన తల లేదు, పాగా ఉంది. పాగా కొసన గరుడపక్షి ఈక కూడా ఉంది, గాలికి ఊగుతూ.

ఆమె గీతలు చూసింది. పాగా చూసింది. ఊరివైపు తిరిగి, దూరంగా మేడలమీది ధ్వజస్తంభాలు చూసింది. అంతే. ఆపుకున్న నవ్వంతా కట్టతెగిన చెరువులా బయటికి వచ్చింది. కడుపు పట్టుకుని నేలమీద చతికిలబడి నవ్వింది. భటుల చేతులు కత్తుల మీదికి పోయాయి. కొండలరాయుడి ముఖం చిన్నబోయింది.

"క్షమించండి మహారాజా" అంది ఎలాగో ఊపిరి తీసుకుని. "గోపురం కూర్చోవడం లేదు, లేవడం లేదు. ఈ రాయుడన్నే కూర్చుని లేస్తున్నాడు. పడుకున్నప్పుడు పాగా గుండెలమీద ఉంది, కాబట్టి గీతల్లో పాగా లేదు. నిలబడినప్పుడు పాగా తలమీద ఉంది, కాబట్టి నీడలో పాగా ఉంది. పాగా నీడ గీతను ముందే తాకేస్తోంది. సూర్యుడు ఇంకా దిగాల్సి ఉండగానే మీరు గోపురం నీడను పట్టేస్తున్నారు."

అనంతభట్టు కళ్ళు మూసుకుని వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క వేశాడు. కళ్ళు తెరిచేసరికి అవి మెరుస్తున్నాయి. తనకు తెలిసిన లెక్కను ఇన్నేళ్ళకు పూర్తిగా చూసిన సంతోషం అది.

"నిజమే. మనిషికి పాగా ఎంతో, ఆ మొసలి కింది గోడకు పైగోడ అంత" అన్నాడు. ఆగి, మెల్లగా, "అయితే మహారాజా, మంగళముడి..." అన్నాడు.

రాజు తన కోటవైపు చూశాడు. తన తండ్రి ఎత్తించిన ధ్వజస్తంభం, దాని తాడు, దాని కొస. తాత ఎత్తించింది. ముత్తాత ఎత్తించింది. ఆయన మీసాలు అదిరాయి. కోపమేమోనని అందరూ బిగుసుకుపోయారు. ఆయన పకపకా నవ్వాడు. గోపురం లేచిన నాటినుంచి రాజుగారి నవ్వు ఎవరూ వినలేదు. ఇన్ని తరాలుగా పాగా ఎత్తుకు కొబ్బరికాయలు కొడుతున్నామా అంటూ తొడ చరుచుకున్నాడు. ఆ నవ్వు డేరాలోంచి సైన్యంలోకి, సైన్యంలోంచి గోడల మీదున్న జనంలోకి పాకింది.

కొండలరాయుడు మాత్రం నవ్వలేదు. పాగా తీసి నిలబడటం తన వల్ల కాదన్నాడు. పాగాతో పడుకుంటే అది నేలకు తగులుతుంది, అంతకంటే ప్రాణం తీసుకోవడం మేలన్నాడు. హేమరేఖ అతని భుజం తట్టింది. తీగ తన నిలువునే తీసుకుంటుంది కాబట్టి తానే నిలబడాలి, అతని పాగాకు ఏ భయమూ లేదు అని చెప్పింది.

చెప్పాక గాని ఆమెకు తన సంగతి గుర్తుకు రాలేదు. ఇనుపకాకి తూర్పుకొండలు వెతికి తిరిగి వచ్చింది. గోపురం చుట్టూ చక్కర్లు కొడుతోంది. పాగా, దాని కింది గుడ్డ తీస్తేగాని నీడ సరిగ్గా పడదు, తీస్తే జడ జారుతుంది. జడ జారితే కాకి చూస్తుంది. కాకి చూస్తే వక్రనాభుడు వస్తాడు. ఇంకో ఉపాయం ఆలోచించే వ్యవధి లేదు. పడమటి వైపు దిగుతున్న సూర్యుడు ఎవరికోసమూ ఆగడు, ఆ నీడ ఈ రోజుకు మళ్ళీ రాదు.

పైన తెల్లని ఉత్తరీయం ఊగింది.

ఆమె పాగాను గుండెలమీద పెట్టుకుని నేలమీద పడుకుని, కింది గుడ్డ మందం కలపకుండా నడినెత్తి దాకానే గీతలు గీయించుకుంది. లేచి, పాగా పెట్టుకుని, మొదటి గీతమీద మడమలు ఆనించింది. రెండు చేతులా పాగాను, దాని కింది గుడ్డను ఒక్కసారిగా పైకి తీసేసింది.

నల్లటి జడ చుట్టలు విడి వీపుమీదుగా మోకాళ్ళు దాటి జారింది. సైన్యం నోరు తెరిచింది. తురగవర్ధనుడు ఆసనం మీంచి లేచి నిలబడ్డాడు.

"నువ్వు కుసుమగిరి బిడ్డవా తల్లీ?"

"అవును బాబాయిగారూ. కదలకండి, నా నీడ చెదురుతుంది" అంది ఆమె.

కాకి చూసింది. ఇనుపగొంతుతో ఒక కేక పెట్టి, బాణంలా ఉత్తరదిక్కుకు పోయింది.

అప్పుడు కొండలరాయుడు తనకు తానే ఏదో గొణుక్కున్నాడు. ముందుకు వచ్చి, తన మామిడిపండు రంగు పాగాను తలమీంచి తీశాడు. ముత్యాలపేట తెంపి జేబులో వేసుకున్నాడు. పాగా మడతలు విప్పి, బట్టను చేతులతో సాగదీశాడు.

"ఆడబిడ్డ అన్నకోసం తల విప్పుకుని నిలబడితే నాకెందుకమ్మా ఈ గుడ్డ. నేలమీద పరిచి నీడ కొలుద్దాం. పరిచిన బట్ట పాము కాదులే."

అతని బట్టతల ఎండలో తళతళమంది. అతనికి బట్టతల ఉందని అతని భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక భటుడు కిసుక్కుమన్నాడు, వెంటనే తన పాగా తానే తీసేశాడు. పక్కవాడు తీశాడు. అనంతభట్టు తీశాడు, తీశాక ఆయన మెడ తిన్నగా నిలబడింది. చివరికి రాజు కూడా తీసి, తలమీద గాలి తగులుతుంటే హాయిగా కళ్ళు మూసుకున్నాడు. బయలంతా ఒక్కసారిగా పూలు రాలి మనుషులు మిగిలినట్టైంది.

నీడ గీతవైపు పాకుతోంది. కొండలరాయుడు పరుగున వెళ్ళి గోపురం నీడ కొసన నిలబడ్డాడు, అది సాగేకొద్దీ వెనక్కు అడుగువేస్తూ. హేమరేఖ కదలకుండా నేలమీద తన నడినెత్తి నీడను చూస్తోంది. ఇంకా జానెడు ఉంది. ఇంకా బెత్తెడు. ఇంకా వేలెడు.

"ఇప్పుడు."

కొండలరాయుడు కాలు నేలలో దిగబడేటట్టు మోపాడు.

ఇక పని పెళ్ళిపందిరి వేసినట్టు సాగింది. పాగాబట్టలు ఒకదాని కొసకు ఒకటి ముడివేశారు. ఆ ముళ్ళకు ఎవరో అలవాటుకొద్దీ పసుపు రాయబోతే రాజే ఆపాడు. హేమరేఖ నిలువును బట్టమీద గుర్తుపెట్టుకుని, ప్రతి నిలువుకూ ఒక నెమలితురాయి అడ్డంగా గుచ్చుకుంటూ గోడ దగ్గరినుంచి కొండలరాయుడి కాలిదాకా పరిచారు. గోపురం అడుగు వెడల్పును బయటినుంచి అదే బట్టతో కొలిచి సగం కలిపారు. అనంతభట్టు తురాయిలు లెక్కపెడుతూ వచ్చి, మళ్ళీ వెనక్కు నడిచి లెక్కపెట్టి, ఇరవై ఒక్క నిలువులు అన్నాడు. ఈసారి గొంతు తగ్గించలేదు. గోపురం వింటే వినమన్నట్టు అన్నాడు.

హేమరేఖ పడమటి వైపు గోడ పక్కన వేలితో గుంటతీసి విత్తు వేసింది. "ఇరవై ఒక్క నిలువులు" అంది.

మట్టి చిట్లింది. లేత పచ్చటి మొలక తలెత్తి, కళ్ళు నులుముకున్న పసిబిడ్డలా ఒకసారి అటూ ఇటూ చూసి, సర్రున లేచింది. కణుపు కణుపుకూ ఆకులు విచ్చుకున్నాయి, మెట్లలా. తెల్లని పూలు గుత్తులు గుత్తులుగా పూశాయి. మల్లెలకు, యాలకులకు నడుమ ఏదో వాసన బయలంతా పరుచుకుంది. ఎండిన తీగలను దాటింది. మొసళ్ళను దాటింది. నిప్పుగొడుగు కింద, గోపురపు అంచుమీద, సరిగ్గా రత్నకేతు పాదాల దగ్గర ఆగి, కొసను గుండ్రంగా చుట్టుకుంది.

బయలు హోరెత్తింది. హేమరేఖ అప్పటికే సగం దూరం ఎక్కేసింది. తన పసుపు పాగాబట్టను నడుముకు చుట్టుకుని, జడను పళ్ళతో పట్టుకుని, ఆకునుంచి ఆకుకు కాళ్ళు వేస్తూ పోతోంది. మొసళ్ళ వరుస దగ్గరికి వెళ్ళేసరికి రాతికళ్ళు తెరుచుకున్నాయి. ఒక మొసలి మెడ సాచి తీగను కొరకబోయింది. ఆమె నడుము బట్ట లాగి, ఉండచుట్టి, దాని గొంతులో కుక్కేసింది. అది నమలలేక, ఉమ్మలేక గుడ్లు తేలేసింది. రెండో మొసలికి కొంత బట్ట, మూడోదానికి మిగిలింది. నాలుగోది ఆమె వైపు చూసి తనంతట తానే నోరు మూసుకుంది.

రత్నకేతు చేయి అందించి పైకి లాగాడు. అతని గడ్డం పెరిగింది, కళ్ళు మాత్రం మునుపటిలాగే చిలిపిగా ఉన్నాయి.

"ఇక్కడినుంచి చూస్తే ఇన్నాళ్ళూ పాగాలే కనిపించాయి చెల్లీ. కింద మనుషులున్నారని ఈ రోజే తెలిసింది" అన్నాడు. అని, ఆమె తలమీద చేయి పెట్టాడు.

ఆమె అతన్ని ముందు దిగమంది. రెండు ఆకులు దిగాడో లేదో ఉత్తరాన ఆకాశం మసిబారింది. కాకి ముందు, దాని వెనుక వక్రనాభుడు. తాటిచెట్టంత కాదు ఈసారి. కొండంత. తల మబ్బుల్లో ఉంది, మోకాళ్ళు గోపురమంత ఉన్నాయి. ఒక్కో అడుగుకు బయలు దద్దరిల్లింది. గుర్రాలు తాళ్ళు తెంపుకున్నాయి. బోడితలల సైన్యం వెనక్కు వెనక్కు జరిగింది. అతను చేయి ఎత్తి తీగవైపు ఏదో మంత్రం ఊదాడు. తీగ మొదట్లో ఒక ఆకు పసుపుబారింది, తర్వాత దాని పైది.

హేమరేఖ అంచుమీద నిలబడి కిందికి చూసింది. పొద్దు బాగా వాలింది. గోపురం నీడ గోపురాన్ని మించి సాగింది, సైనికుల నీడలు సైనికుల్ని మించి సాగాయి. ఈ పొద్దులో ఎవరి నీడా వారి ఎత్తుకు తగ్గదు. ఆమె కళ్ళు కొండంత వక్రనాభుడి పాదాల దగ్గరికి వెళ్ళాయి. అక్కడినుంచి తూర్పుకు ఒక నీడ పడి ఉంది. పడుకున్న దూడంత నీడ.

కుసుమగిరి సభలో వచ్చిన నవ్వే మళ్ళీ వచ్చింది ఆమెకు.

"రాయుడన్నా, పైకి చూడకు" అని అరిచింది. "నేలవైపు చూడు. వాడి ఎత్తు ఎంతో కొలిచి చెప్పు."

పారిపోబోతున్న కొండలరాయుడు ఆగాడు. వంశాచారం అతన్ని ఆపింది, ఎత్తు కొలవమంటే అతను పరుగెత్తలేడు. నేలవైపు చూశాడు. మళ్ళీ చూశాడు. అతని ముఖంలో పసిపిల్లవాడి నవ్వు మెల్లగా తిరిగివచ్చింది.

"నా మొలదాకా కూడా రాడమ్మా" అన్నాడు.

అని, పరిచిన వరుసలోంచి మామిడిపండు రంగు పాగాబట్టను విప్పి, ఉచ్చుగా పట్టుకుని, కొండంత కాళ్ళ నడుమకు, నీడ మొదలైన చోటికి, నిబ్బరంగా నడిచి వెళ్ళాడు. దిగుతున్న పాదం అతని బట్టతల మీదుగా పొగలా జారిపోయింది. అతను ఉచ్చు విసిరాడు. ఏమీ కనబడనిచోట బట్ట బిగుసుకుంది. మబ్బుల్లో ఉన్న తల నోరు తెరిచింది, కేక మాత్రం కొండలరాయుడి మోకాలి దగ్గరినుంచి వచ్చింది.

అదే క్షణాన హేమరేఖ అంచు దిగి తీగమీద కాలు పెట్టింది, కాలికింది ఆకు టప్పున తెగింది. పసుపుదనం మొసళ్ళను దాటి ఎక్కివచ్చింది. "పట్టుకో చెల్లీ" అని రత్నకేతు కిందినుంచి చేయి చాచాడు. ఎండుతున్న తీగ ఇరవై ఒక్క నిలువుల పొడవునా గోడను వదిలి, అన్నాచెల్లెళ్ళతో సహా, పడమటి సూర్యుడి వైపు నెమ్మదిగా వంగడం మొదలుపెట్టింది. కింద బోడితలల సైన్యం ముడివేసిన పాగాబట్టలను వలలా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, తీగ వాళ్ళిద్దరినీ మెత్తగా అందులో దించింది.